ఎనిమిదో బోర్డు దగ్గర తేలే లెక్క

(కొత్త లీగు మొదలయ్యే ముందు చదరంగం జట్ల కెప్టెన్ల సమావేశంలో చేసిన ప్రసంగం. పునరుక్తులు తీసేసి, మాట్లాడిన తీరును అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? మంచిది.

నన్ను పరిచయం చేసినాయన పెద్ద ఆటగాడు అన్నారు. అది మర్యాద కోసం అన్న మాట. జట్టులో గట్టివాళ్లు కూర్చునే పై బోర్డుల్లో నేను ఏనాడూ కూర్చున్నవాణ్ని కాను. పదహారేళ్లు ఒక జట్టుకు కెప్టెన్‌గా ఉన్నాను. అందులో ఎక్కువకాలం ఏడో బోర్డులోనో ఎనిమిదో బోర్డులోనో ఆడాను. తర్వాత కొన్నేళ్లు లీగు పట్టిక రాసే పని నా నెత్తిన పడింది. ఆదివారం రాత్రి ఒక్కొక్క కెప్టెన్‌కూ ఫోన్ చేసి ఫలితాలు రాసుకోవడం, మొత్తం కలిపితే అర పాయింటు తక్కువ రావడం, అది ఎక్కడ జారిపోయిందో వెతుక్కుంటూ కూర్చోవడం. ఎవరూ చప్పట్లు కొట్టని పని. కానీ లీగు అంటే ఏమిటో నాకు బోర్డు దగ్గరకంటే ఆ పట్టిక దగ్గరే ఎక్కువ అర్థమైంది.

మీ కార్యదర్శి నియమావళి ముసాయిదాను నాకు ముందే పంపారు. శ్రద్ధగా రాశారు. గడియారాల సంగతి, ఆటను పర్యవేక్షించే ఆర్బిటర్ అధికారాలు, ఫోన్లు ఎక్కడ పెట్టాలి, అన్నీ ఉన్నాయి. ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. "కొత్త జట్లు నిరుత్సాహపడకుండా ఉండేందుకు మొదటి రెండు సీజన్లలో ఏ జట్టునూ కింది డివిజన్‌కు దించరాదు." దయగల వాక్యం. రాసినవారి మనసు నాకు తెలుసు. కానీ ఆ వాక్యాన్ని కొట్టేయమని అడగడానికే ఈ రోజు వచ్చాను.

దిగడం లేని లీగు ఎలా నడుస్తుందో చెబుతాను. పది జట్లు ఉన్నాయనుకోండి. తొమ్మిది రౌండ్లు. మొదటి మూడు రౌండ్లు అందరూ ఉత్సాహంగా వస్తారు. అయిదో రౌండుకు టైటిల్ ఎవరిదో సుమారుగా తెలిసిపోతుంది. ఇద్దరో ముగ్గురో పోటీలో మిగులుతారు. మిగతా ఏడు జట్లకు ఆడటానికి కారణం ఏమిటి? ఆట మీద ప్రేమ అంటారు. నిజమే, ప్రేమ ఉంటుంది. కానీ ఆదివారం ఉదయం అయిదు గంటలకు అలారం మోగినప్పుడు ఆ ప్రేమ కాస్త నిద్రమత్తులో ఉంటుంది. (నవ్వులు) ఏడో రౌండుకు ఒక జట్టు ఆరుగురితో వస్తుంది. ఎనిమిదో రౌండుకు అయిదుగురితో వస్తుంది. ఎదుటి జట్టుకు ఆడకుండానే మూడు పాయింట్లు. ఇప్పుడు చూడండి, టైటిల్ కోసం పోరాడుతున్న జట్లలో ఒకటి ఆ జట్టును రెండో రౌండులో ఎదుర్కొంది, అప్పుడు వాళ్లు ఎనిమిది మందితో వచ్చి ప్రాణం పెట్టి ఆడారు. రెండోది ఎనిమిదో రౌండులో ఎదుర్కొంది. టైటిల్‌ను నిర్ణయించింది ఎవరు? పట్టిక రాసేవాడు క్యాలెండర్‌లో వేసిన వరుస.

అదే పట్టికలో తొమ్మిదో స్థానం కింద ఒక ఎర్రగీత గీయండి. ఆ గీత కిందకు వెళ్తే వచ్చే ఏడు కింది డివిజన్. అంతే. ఆ ఏడు జట్లలో నాలుగైదింటికి చివరి రౌండు దాకా నిద్రపట్టదు. అయిదుగురితో రావడం అనే మాటే ఉండదు. వైకుంఠపాళిలో నిచ్చెనలు మాత్రమే ఉంచి పాములన్నీ చెరిపేస్తే ఎవరు ఆడతారు చెప్పండి? పైగా అక్కడ పాము నోట్లో పడేది పాచిక వల్ల. ఇక్కడ మన ఎత్తుల వల్ల.

ఇంకొక సంగతి. దిగేవాళ్లు లేకపోతే ఎక్కేవాళ్లకు చోటెక్కడిది? ముసాయిదాలో కింది డివిజన్ నుంచి ఏటా రెండు జట్లు పైకి వస్తాయని రాశారు, పైనుంచి ఎవరూ దిగరని కూడా రాశారు. రెండేళ్లలో పై డివిజన్ పద్నాలుగు జట్లవుతుంది. పద్నాలుగు జట్లకు పదమూడు రౌండ్లు కావాలి. మీరు తొమ్మిది ఆదివారాలకే హాలు మాట్లాడుకున్నారు. ఆ నాలుగు ఆదివారాలు ఎక్కడినుంచి వస్తాయో కార్యదర్శిగారు తర్వాత చెబుతారు. (నవ్వులు)

ఇక లెక్కలోకి వస్తాను. జట్టు పోటీలో రెండు రకాల పాయింట్లుంటాయి. మ్యాచ్ గెలిస్తే రెండు, సమమైతే ఒకటి, ఓడితే సున్నా, ఇవి మ్యాచ్ పాయింట్లు. ప్రతి బోర్డు మీదా వచ్చే ఒకటి, అర, సున్నా కలిపితే బోర్డు పాయింట్లు. పట్టికలో ముందు దేన్ని చూడాలన్నది పాత తగవు. దేశాల జట్లు తలపడే చదరంగం ఒలింపియాడ్‌లో దశాబ్దాల పాటు బోర్డు పాయింట్లనే చూశారు. 2008లో డ్రెస్డెన్ ఒలింపియాడ్ నుంచి మ్యాచ్ పాయింట్లను ముందుకు తెచ్చారు. 2024లో బుడాపెస్ట్‌లో మన పురుషుల జట్టు స్వర్ణం గెలిచినప్పుడు 22కు 21 పాయింట్లు అని మీరందరూ చదివారు. అవి మ్యాచ్ పాయింట్లు. పదకొండు రౌండ్లలో పది గెలుపులు, ఒక్క సమం. అదే ఒలింపియాడ్‌లో మహిళల జట్టు కూడా స్వర్ణం తెచ్చింది. మన తెలుగు ఆటగాళ్లు హరికృష్ణ, హారిక, అర్జున్ ఆ జట్లలో ఉన్నారని మీకు నేను చెప్పనక్కర్లేదు.

తేడా ఎంతవరకు వెళ్లగలదో చూడండి. ఒక జట్టు అయిదు మ్యాచ్‌లు 4½–3½తో గెలిచింది, నాలుగు మ్యాచ్‌లు 1–7తో చిత్తుగా ఓడింది. దానికి 10 మ్యాచ్ పాయింట్లు, 26½ బోర్డు పాయింట్లు. ఇంకో జట్టు రెండు మ్యాచ్‌లు 8–0తో గెలిచింది, ఏడు మ్యాచ్‌లు 3½–4½తో ఓడింది. దానికి 4 మ్యాచ్ పాయింట్లు, 40½ బోర్డు పాయింట్లు. ఒక పద్ధతిలో మొదటిది నిలుస్తుంది, రెండోది దిగుతుంది. ఇంకో పద్ధతిలో సరిగ్గా తలకిందులు. ఇంత తేడా నిజంగా రావడం అరుదే, కానీ నియమం రాసేవాడు అరుదైనదాన్నే ఊహించుకోవాలి.

నేను మ్యాచ్ పాయింట్ల పక్షం. ఎందుకంటే బోర్డు పాయింట్లే ముఖ్యమైతే అక్కడ జట్టు ఉండదు, ఎనిమిది మంది పక్కపక్కన కూర్చుని ఎవరి ఆట వాళ్లు ఆడుకుంటారు. పైగా అసంపూర్తిగా వచ్చిన జట్టును ఎదుర్కొన్నవాడికి పండగ. మ్యాచ్ పాయింట్లు ఉంటే, జట్టు 4–3తో ముందుందని తెలిసిన ఎనిమిదో బోర్డు ఆటగాడు ఒక బంటు ఎక్కువున్నా డ్రా తీసుకుంటాడు. వాడి బలాన్ని అంకెల్లో చూపే రేటింగ్‌కు నష్టం. జట్టుకు రెండు పాయింట్లు. ఇంటికెళ్లాక వాడు నిద్రపోడు, జట్టు నిద్రపోతుంది.

అయితే బోర్డు పాయింట్లను తీసి పారేయకూడదు. మ్యాచ్ పాయింట్లు సమమైనప్పుడు తేల్చేది అవే. దీనికి నా దగ్గర ఒక కథ ఉంది. కథ అంటే, నేను అక్కడే నిలబడి చూసింది.

పది జట్లు, ఎనిమిది బోర్డులు, చివరి రెండూ దిగాలి. ఆఖరి రౌండుకు ముందు మా జట్టుకు 6 మ్యాచ్ పాయింట్లు, మా పైనున్న జట్టుకు 7. వాళ్లు పక్క హాల్లో ఆడుతున్నారు. నాలుగో గంట నడుస్తోంది. కబురొచ్చింది, వాళ్లు 2½–5½తో ఓడిపోయారు. వాళ్లు 7 దగ్గరే ఆగిపోయారు. మా మ్యాచ్‌లో ఏడు బోర్డులు అయిపోయాయి, 3½–3½. ఎనిమిదో బోర్డు మీద మా కుర్రాడు. పన్నెండేళ్లు. కుర్చీలో కూర్చుంటే కాళ్లు నేలకు ఆనేవి కావు, అందుకని మోకాళ్ల మీద కూర్చుని ఆడేవాడు.

వాడివి నల్లపావులు. వాడి దగ్గర రాజు, ఒక గుర్రం. ఎదురుగా తెల్లరాజు, తెల్లగడుల మీద నడిచే శకటు, జీ వరుసలో ఒక బంటు, హెచ్ వరుసలో ఒక బంటు. చూసినవాడెవడైనా ఓడిపోయాడనే అంటాడు. మావాళ్లు సంచులు సర్దుకోవడం మొదలుపెట్టారు.

నాకు మాత్రం ఒక విషయం కనబడింది. హెచ్ బంటు మంత్రిగా మారాల్సిన గడి హెచ్8. అది నల్లగడి. తెల్లగడుల శకటు ఆ గడిని ఎన్నటికీ తాకలేదు. జీ బంటు గనక లేకుండా పోతే, నల్లరాజు ఆ మూలలో కూర్చున్నంతసేపు ఎదుటివాడికి శకటు, బంటు రెండూ ఉన్నా గెలవలేడు. రాజును మరీ బిగిస్తే స్టేల్‌మేట్, అంటే షా లేకుండానే కదలడానికి చోటు లేక ఆట డ్రా. పాఠ్యపుస్తకాల్లో ఉన్న సంగతే. అంటే గుర్రాన్ని ఇచ్చి జీ బంటును కొట్టేయాలి. కానీ ఓడిపోతున్నవాడు ఉన్న ఒక్క పావునూ ఇచ్చేయాలని పన్నెండేళ్లవాడికి తడుతుందా?

ఇక్కడ కెప్టెన్ అనేవాడి బతుకు చెప్పాలి. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నియమాల ప్రకారం కెప్టెన్ తన ఆటగాడితో అనగలిగినవి మూడే మాటలు. డ్రా ప్రతిపాదించు. డ్రా ఒప్పుకో. ఆట వదులుకో. ఆటగాడు వచ్చి, డ్రా ఇస్తున్నాడు, తీసుకోనా అని అడిగితే అవుననో కాదనో నీ ఇష్టమనో చెప్పొచ్చు. బోర్డు మీద పావుల స్థితి గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. వాడి వెనక నిలబడి కనుబొమ్మ ఎగరేసినా తప్పే. నా నాలుక కొసన "గుర్రం ఇచ్చెయ్ నాయనా" అన్న మాట ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని గోడవైపు తిరిగి నిలబడ్డాను. ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని భయం.

వెనక నుంచి "అయ్యో" అని ఒక గొంతు వినబడింది. తిరిగి చూశాను. బోర్డు మీద గుర్రం లేదు. జీ బంటు కూడా లేదు. ఎదుటి జట్టు కెప్టెన్ నవ్వాడు, గుర్రం పొరపాటున పోయిందనుకున్నాడు. మావాడు నల్లరాజును హెచ్8లో పెట్టి, రెండు మోచేతులూ బల్లమీద ఆనించి, ఎదుటివాడి ముఖం చూస్తూ కూర్చున్నాడు. ఎదుటివాడు ఇంకో ఇరవై ఎత్తులు వేశాడు. హెచ్8, జీ8, హెచ్8, జీ7, హెచ్8. చివరకు చేయి చాపాడు.

4–4. మాకు 7 మ్యాచ్ పాయింట్లు, వాళ్లకూ 7. బోర్డు పాయింట్లు కలిపాం. మాకు 33½. వాళ్లకు 33.

అర పాయింటు. ఆ కుర్రాడి అర పాయింటే రెండుసార్లు పనిచేసింది, ఒకసారి మ్యాచ్ పాయింటు తెచ్చి, ఇంకోసారి బోర్డు పాయింట్లలో మమ్మల్ని ముందుకు నెట్టి. దిగిపోయిన జట్టు కెప్టెన్ నాకు స్నేహితుడు. ఆ రాత్రి ఫోన్ చేశాడు. మూడో రౌండులో వాళ్లు 5–1తో ముందున్నప్పుడు, మ్యాచ్ ఎలాగూ గెలిచాం కదా అని మిగిలిన రెండు బోర్డుల్లోనూ డ్రాలు ఇచ్చేసి తొందరగా బయల్దేరారట. ఒకదాంట్లో వాళ్లకు బంటు ఎక్కువ ఉందట. ఆ ఒక్క ఆట గెలిచి ఉంటే రెండు లెక్కలూ సమమయ్యేవి, మూడో లెక్క పరస్పర మ్యాచ్, అందులో మమ్మల్ని ఓడించినవాళ్లు వాళ్లే. మేం దిగేవాళ్లం. "ఆ రోజు నలభై నిమిషాలు మిగిల్చుకున్నానయ్యా" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. వాళ్లు కింది డివిజన్‌లో రెండేళ్లు ఆడారు. పైన కుర్చీ దొరకని ఇద్దరు పిల్లలకు అక్కడ రోజూ కుర్చీ దొరికింది. మూడో ఏడు వాళ్లు తిరిగి వచ్చినప్పుడు ఆ ఇద్దరూ అయిదో బోర్డులో, ఆరో బోర్డులో ఉన్నారు.

అందుకే మీ ముసాయిదాలో పాయింట్లు సమమైనప్పుడు తేల్చే టైబ్రేక్‌గా బెర్లిన్ పద్ధతి అని రాసిన చోట కూడా నాకు అభ్యంతరం ఉంది. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. బెర్లిన్ పద్ధతిలో మొదటి బోర్డు గెలుపుకు 8, రెండో బోర్డుకు 7, అలా దిగుతూ ఎనిమిదో బోర్డుకు 1. ఒకరోజు పోటీలో, 4–4 అయిన నాకౌట్ మ్యాచ్‌లో ఎవరో ఒకరిని తేల్చాలి కాబట్టి అది సరే. కానీ లీగులో ఎవరు దిగాలో తేల్చడానికి వాడితే, ఎనిమిదో బోర్డు పిల్లాడికి మనం చెబుతున్నదేమిటి? నీ గెలుపు మొదటి బోర్డు గెలుపులో ఎనిమిదో వంతు అని. బోర్డు పాయింట్ల తర్వాత పరస్పర మ్యాచ్, అదీ సమమైతే ఒక ప్లేఆఫ్. ఆ వరుస చాలు.

ఇప్పుడు బోర్డుల వరుస సంగతి. కొత్త కెప్టెన్లకు తట్టే మొదటి కొంటె ఆలోచన ఏమిటంటే, ఎదుటి జట్టు మొదటి బోర్డు ఎలాగూ గట్టివాడు, మన జట్టులో అందరికంటే బలహీనుణ్ని వాడి ముందు కూర్చోబెట్టి, మిగతా ఏడుగురినీ ఒక్కో బోర్డు కిందకు జరిపితే పోలా అని. లెక్క వేద్దాం. రెండు జట్లూ సమానం, 2200 నుంచి 1500 దాకా నూరేసి ఎలో రేటింగ్ పాయింట్ల తేడాతో ఎనిమిది మంది. మనం అలా జరిపితే ఏడు బోర్డుల్లో మనవాడికి నూరు పాయింట్ల ఆధిక్యం. ఎలో పట్టిక ప్రకారం నూరు పాయింట్ల ఆధిక్యం ఉంటే సగటున ఆటకు వచ్చే ఫలితం సుమారు 64 శాతం. ఏడు బోర్డుల మీద దాదాపు నాలుగున్నర పాయింట్లు. మొదటి బోర్డులో దాదాపు సున్నా. మొత్తం 4½–3½. ఆట ఏమీ మెరుగుపడకుండా, కుర్చీలు మార్చి మ్యాచ్ గెలిచేశాం. అందుకే ప్రతి మంచి లీగూ సీజన్ మొదట్లోనే బలం ప్రకారం ఆటగాళ్ల వరుసను రాసిమ్మంటుంది, ఆ వరుస మధ్యలో మార్చనివ్వదు.

దానికి ఇంకో వైపు ఉంది. మొదటి బోర్డు ఆటగాడికి జ్వరమొచ్చిందనుకోండి. వరుస తప్పకూడదు కాబట్టి ఏడుగురూ ఒక్కో మెట్టు పైకి జరుగుతారు, ఎనిమిదోలో రిజర్వు కూర్చుంటాడు. ఇప్పుడు ఎనిమిది బోర్డుల్లోనూ మనం నూరు పాయింట్లు తక్కువ. నాలుగు పాయింట్లు రావలసిన చోట మూడు కూడా నిండవు. ఒక్కరి జ్వరం ఎనిమిది మందికీ తగులుతుందన్నమాట. కాబట్టి మీ పదో ఆటగాణ్ని, పదకొండో ఆటగాణ్ని బాగా చూసుకోండి. ఏడాదిలో రెండు ఆటలకు పిలుస్తాం, మిగతా రోజుల్లో పలకరించం, ఆఖరి రౌండుకు వాడే మన ప్రాణం. వాడికి ఆ రోజు వేరే పని ఉంటే తప్పు వాడిది కాదు.

రెండు జట్లున్న క్లబ్బులకు ఒక మాట. పై డివిజన్ జట్టు ఆటగాళ్లను దింపి కింది జట్టును కాపాడుకోవడం అన్నది ఎక్కడైనా జరిగేదే. అందుకే పై జట్టుకు ఇన్నిసార్లు ఆడినవాడు ఇక కింది జట్టుకు ఆడరాదు అని ఒక పరిమితి పెడతారు. ఆ సంఖ్య మూడా నాలుగా అన్నది మీ ఇష్టం, కానీ మొదటి రౌండుకు ముందే రాసి ఉండాలి. ఒకే క్లబ్బు జట్లు రెండూ ఒకే డివిజన్‌లో ఉంటే వాటి మధ్య మ్యాచ్ మొదటి రౌండులోనే పెట్టండి. చివరి రౌండులో పెడితే, ఒకదానికి పాయింటు అవసరమైతే, ఏం జరుగుతుందో ఇక్కడున్న పెద్దమనుషులకు నేను చెప్పాలా? ఏ రౌండులో ఎవరు ఎవరితో ఆడాలో చూపే బెర్గర్ పట్టికలో ఏ సంఖ్యలు మొదటి రౌండులో కలుస్తాయో ముందే తెలుసు. పది జట్లయితే ఒకటీ పదీ, రెండూ తొమ్మిదీ, మూడూ ఎనిమిదీ. ఆ రెండు సంఖ్యలూ వాళ్లకిచ్చి మిగతావి చీటీలు తీయండి.

ప్రయాణాల సంగతి త్వరగా చెప్పేస్తాను. జర్మనీలో చదరంగం జాతీయ లీగు బుండెస్‌లిగా 1980 నుంచి ఒకే గ్రూపుగా నడుస్తోంది. ఆనంద్ బాడెన్‌బాడెన్ జట్టుకు ఆడింది అందులోనే. సాధారణంగా పదహారు జట్లు, ఎనిమిది బోర్డులు, పదిహేను రౌండ్లు. దేశమంతా తిరగడం ఖర్చు. వాళ్లు చేసిన పని ఏమిటంటే, దగ్గరదగ్గర ఉన్న రెండు జట్లను ప్రయాణ జోడీ చేశారు. ఇద్దరూ ఒకే చోటికి వెళ్తారు, శనివారం ఒక జట్టుతో, ఆదివారం ఇంకో జట్టుతో ఆడతారు. ఏడు వారాంతాల్లో పద్నాలుగు రౌండ్లు అయిపోతాయి, మిగిలిన ఒక్కటి ఆ జోడీ మధ్య మ్యాచ్. బ్రిటన్‌లో 1993లో మొదలైన నాలుగు దేశాల లీగు ఇంకో దారి పట్టింది. జట్లను వారాంతాల్లో హోటళ్లలో చేర్చి అక్కడే ఆడిస్తారు. ఈ రెంటిలో మీకు ఏది కుదిరినా సరే, ఒక్కటి మాత్రం వదలకండి. చివరి రౌండు మ్యాచ్‌లన్నీ ఒకే రోజు, ఒకే సమయానికి మొదలవ్వాలి. వీలైతే ఒకే హాల్లో. నేను చెప్పిన కథలో పక్క హాలు ఫలితం మాకు నాలుగో గంటలో తెలిసింది. అదే ముందురోజు తెలిసి ఉంటే మా ఎదుటి జట్టు, మేమూ వేరే రకంగా ఆడి ఉండేవాళ్లమేమో. ఇద్దరికీ సమం చాలినప్పుడు ఎనిమిది బోర్డుల్లో పదిహేనేసి ఎత్తులకు ఎనిమిది డ్రాలు నా కళ్లతో చూశాను. ఆ డివిజన్ పట్టిక రాసింది నేనే. ఆ రోజు కలం కదల్లేదు.

ఇక అందరికంటే ఎక్కువ గొడవలు తెచ్చే నిబంధనకు వస్తున్నాను. ఎంతమంది దిగాలి? రెండు అని రాసేస్తే సరిపోదు. పది జట్ల నడిమి డివిజన్ ఒకటి ఊహించుకోండి, దాని పైన పలు ప్రాంతాల జట్లు కలిసి ఆడే లీగు ఉందనుకోండి. దాన్నుంచి ఒక జట్టు పైకి పోతుంది. కింద రెండు గ్రూపుల నుంచి ఒక్కో జట్టు పైకి వస్తుంది, అంటే రెండు. పైనుంచి ఒకటి దిగితే వచ్చేవి మూడు. పది జట్లే ఉండాలంటే పోయేవి కూడా మూడవ్వాలి, ఒకటి పైకి, రెండు కిందకు. ఇంతవరకు సులువు. కానీ ఆ ఏడు పై లీగులో దిగిన రెండు జట్లూ మీ ప్రాంతానివే అయితే? అప్పుడు వచ్చేవి నాలుగు, కిందకు పోవలసినవి మూడు. ఎనిమిదో స్థానంలో ఉన్న జట్టు, తాను చేసిన తప్పేమీ లేకుండా, ఎక్కడో దూరంగా ఎవరో ఓడిపోయినందుకు దిగిపోతుంది. ఒకవేళ పైనుంచి ఎవరూ రాకపోతే ఒక్కటే దిగుతుంది. జర్మన్లు దీన్ని జారుడు దిగుదల అన్న అర్థం వచ్చే పేరుతో పిలుస్తారు. ఎనిమిదో స్థానంలో ఉన్నవాళ్లు ఆఖరి రౌండు రోజున తమ మ్యాచ్ చూసుకుంటూ, పై లీగులో తమకు ముఖపరిచయం కూడా లేని జట్టు గెలవాలని మొక్కుకోవడం నాకు తెలుసు.

ఇది అన్యాయమా? నేను కాదంటాను. ఏడో స్థానం దాకా పోరాడి ఉండాల్సిందంటాను. కానీ ఈ సంగతి మొదటి రౌండుకు ముందే పట్టిక పక్కన రాసి పెట్టి ఉండాలి. ఎవరూ దిగకపోతే ఇన్ని, ఒకరు దిగితే ఇన్ని, ఇద్దరు దిగితే ఇన్ని. మూడు గళ్ల చిన్న పెట్టె. సీజన్ అయ్యాక చెబితే, అదే లెక్క మోసంలా కనబడుతుంది. అలాగే గెలిచిన జట్టు పైకి వెళ్లనంటే ఆ అవకాశం ఎవరికి? రెండో స్థానానికా, మూడో స్థానం దాకానా, లేక పైనుంచి దిగే జట్లలో మెరుగైనది ఉండిపోతుందా? ఖర్చు భయంతో పైకి వద్దనే జట్లు ఉంటాయి, వాళ్లను తిట్టకండి. రాసిపెట్టుకోండి, అంతే.

ఎవరో చేయి ఎత్తారు. చెప్పండమ్మా.

(సభలోంచి ప్రశ్న: సీజన్ మధ్యలో ఒక జట్టు పూర్తిగా తప్పుకుంటే వాళ్లతో ఆడిన మ్యాచ్‌ల సంగతేమిటి?)

మంచి ప్రశ్న. నేను మరచిపోయేవాణ్ని. అందరూ అందరితో ఆడే వ్యక్తిగత రౌండ్‌రాబిన్ పోటీలకు ఫిడే పెట్టిన నియమం ఒకటుంది. సగంకంటే తక్కువ ఆటలు ఆడి తప్పుకుంటే ఆ ఫలితాలు పట్టికలో కనబడతాయి కానీ లెక్కలోకి రావు. సగమో అంతకంటే ఎక్కువో ఆడితే అవి నిలుస్తాయి, మిగిలినవి వాళ్లు ఓడినట్టు. మీరు జట్లకు కూడా అదే పెట్టుకోవచ్చు. తప్పుకున్న జట్టు పట్టికలో ఆఖరున నిలుస్తుంది, దిగే జట్లలో మొదటిదిగా లెక్కకు వస్తుంది. ఇందులో ఒక ముల్లు ఉంది. తొమ్మిదికి నాలుగు రౌండ్లు ఆడి తప్పుకుంటే, ఆ జట్టును కష్టపడి గెలిచినవాళ్ల రెండు పాయింట్లు గాలిలో కలుస్తాయి. మీ ఎనిమిదో బోర్డు వాడు జీవితంలో మొదటిసారి గెలిచిన ఆట కూడా అందులో ఉండొచ్చు. వాడికి రేటింగ్ లెక్కలో అది ఉంటుందని చెప్పండి, ఆడిన ఆట ఆడినట్టే.

(సభలోంచి ఇంకో ప్రశ్న: దిగిన జట్టు ఆటగాళ్లు క్లబ్బు వదిలి వెళ్లిపోతారు కదా?)

వెళ్తారు. పై ముగ్గురు, నలుగురు వెళ్తారు, ఎక్కువగా. కింది నలుగురు ఉంటారు. నేను చూసినంతవరకు అంతే. అలా మిగిలిన నలుగురితో మొదలుపెట్టి తిరిగి పైకి వచ్చిన జట్లను చూశాను, రాలేక మూతపడిన జట్టును కూడా ఒకదాన్ని చూశాను. దాచను. కానీ ఆ మూతపడిన జట్టు దిగడానికి రెండేళ్ల ముందునుంచే ఆరుగురితో వస్తోంది.

టైమైందని గడియారం చూపిస్తున్నారు. ఆర్బిటర్‌గారు ఇక్కడే ఉన్నారు, జెండా పడకముందే దిగిపోతాను. (నవ్వులు) ముసాయిదా ప్రతిలో నేను కొట్టేయమన్న వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టాను, పక్కన మూడు గళ్ల పెట్టె కూడా గీశాను. అంకెలు నింపలేదు, అవి మీరు నింపాలి. ఆ కాగితం కార్యదర్శిగారికి ఇస్తున్నాను. మైకు కూడా.